జనగామ బడిలో ఇంగ్లీషు రాని తరగతి

గదిలో ఎవరెవరు ఉన్నారో, ఏమేమి ఉన్నాయో ముందు రాస్తాను.

తొమ్మిదో జమాతు, అంటే తొమ్మిదో తరగతి, పిల్లలు పందొమ్మిది మంది. ఒక్కడూ ఎగ్గొట్టలేదు. హెడ్మాస్టరు గారు, ఇస్త్రీ మడత నలగని షేర్వాణీతో. ఉర్దూ చెప్పే మౌల్వీ సాబ్, కిటికీ పక్క స్టూలు మీద. సైన్యం నుంచి వచ్చిన కెప్టెన్. తుపాకీతో ఒక జవాను. అతను గడప మీద నిలబడ్డాడు కాబట్టి లోపల ఉన్నట్టో బయట ఉన్నట్టో చెప్పలేను. నల్లబల్ల, దాని మీద నేను గీసిన ఆవు. ఒక బెత్తం, నా చేతిలో. అంతవరకు ఆ బడిలో నేను బెత్తం పట్టి ఎరగను.

కెప్టెన్ వచ్చింది ఇంగ్లీషు వచ్చిన పిల్లలను ఇద్దరిని ఏరి, దుబాసీలుగా తన వెంట ఊళ్లకు తీసుకుపోవడానికి. ఆ గదిలో ఇంగ్లీషు వచ్చినవాడు ఒక్కడూ లేడని అతన్ని నమ్మించాలి. ఆ రోజు నా ఉద్యోగం అదే.

నిజానికి ఇలాంటివి తల నెరిసి రిటైరయినవాళ్లు రాయాలి. నాకు ఇరవై ఏడేళ్లు. వచ్చే నెల రోడ్ల పనిలో ఓవర్సీరుగా చేరుతున్నాను. చదివిన చదువు అదే. కానీ పంతులు పని వరకు నేను రిటైరయినవాణ్ణే. మళ్లీ చెయ్యను. నా వెనక ఈ పనికి రాదలచిన బెజవాడ, గుంటూరు కుర్రాళ్లు, అక్కడికి ఏమేం తెచ్చుకోవాలని ఉత్తరాలు రాస్తున్నారు. దోమతెర తెచ్చుకోండి. మిగతాది కింద చదవండి.

సరిహద్దు

మాది స్వచ్ఛంద సేవ. బెజవాడలో కొందరు పెద్దలు కలిసి, నిజాం రాజ్యంలో ఊరివాళ్లు నడుపుకునే బడులకు ఇంగ్లీషు చెప్పేవాళ్లను పంపేవారు. తిండి, గది బడివాళ్లవి. రైలెక్కితే పూటలో చేరే ఊళ్లే అయినా అది పరదేశమే. రూపాయి వేరు, తపాలా బిళ్ల వేరు, కచేరీ భాష వేరు. సరిహద్దు స్టేషన్లో కరోడ్‌గిరి వాళ్లు, అంటే సుంకం అధికారులు, పెట్టెలు తెరిపించేవారు.

నా పెట్టెలో డ్రాయింగు సామాను దొరికింది. ఒక ముసలి జమేదారు డివైడరు తీసి, దాని రెండు మొనలు వేలితో తాకి చూశాడు.

"గిదేంది?"

"గీతలు కొలిచేదండీ."

"ఏం పని మీద పోతున్నవ్?"

"ఇంగ్లీషు చెప్పడానికి."

"ఇంగ్లీషుల గీతలుంటయా?"

అతను నవ్వి డివైడరు తిరిగి ఇచ్చాడు. మొదట కొన్నాళ్లు మహబూబాబాదులో చెప్పాను. తర్వాత జనగామ పంపారు. ఈ కథ అక్కడిదే.

నా పద్ధతి

నేను చేరేనాటికి ఆ బడిలో చదువంటే వల్లె వేయడం. మౌల్వీ సాబ్ బెత్తం బల్ల మీద టక్కుమనిపిస్తే గదంతా ముందుకీ వెనక్కీ ఊగుతూ ఒకే గొంతుతో పద్యాలు చెప్పేది. గోడ అవతల నా తరగతికి అది వర్షం కురుస్తున్నట్టు వినిపించేది. అర్థం అడిగితే ఒక్కడికీ తెలియదు. ఇది చదువు కాదని నేను అందరి ముందూ అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. కొత్తగా వచ్చేవాళ్లు ఈ ఒక్క విషయంలో మెత్తబడవద్దు.

నా పద్ధతి వేరు. ఓవర్సీరు చదువులో మేం పంపుసెట్టు నేర్చుకున్నది విప్పి, బిగించి. భాషా అంతే అనుకున్నాను. ఇంగ్లీషులో ఒక మాట అంటాను. అర్థమైనవాడు నోటితో జవాబు చెప్పనక్కర్లేదు, ఆ పని చేసెయ్యాలి. కిటికీ తెరవమంటే తెరవాలి. పాఠం మధ్యలో గొంతు మార్చకుండా, మూడో వరుసలో ఒకడి ముక్కుకు సుద్ద అంటింది అంటాను. మూడో వరుసలో చేతులన్నీ ముక్కుల మీదికి పోవాలి. ఏడాది తిరిగేసరికి పోయేవి, ఆలోచన కంటే ముందు. దాన్ని చూసి గర్వపడ్డాను.

ఇంకొకటి కూడా దిద్దబోయాను, వాళ్ల తెలుగు. "వచ్చినం" కాదు "వచ్చాం" అనమన్నాను. అప్పుడు వెనక బెంచీ నుంచి ఎల్లయ్య లేచాడు.

"సారూ, మేం వచ్చినం అన్నా బడికే వచ్చినం గద. మీరు మాట్లాడుతుంటే హరికథ చెప్పినట్టు ఉంటది. జర చిడతలు తెమ్మంటరా?"

గది గొల్లుమంది. ఆ తర్వాత వాళ్ల తెలుగు జోలికి పోలేదు. మీరూ పోవద్దు.

ఎల్లయ్యకు పదహారేళ్లు. స్టేషన్ ఘన్‌పూర్ వైపు పల్లె. గొర్లు కాసుకునే ఇల్లు. నేను నేర్పినదాంట్లో సగం వాడికి నేర్పకుండానే వచ్చింది. ఇంగ్లీషులో హాస్యం ఆడగలిగేవాడు. అన్న సాయిలు దొర గడీ మీద తిరగబడి కమ్యూనిస్టుల సంఘంలో కలిశాడు. భూపాలపల్లి అడవుల్లో ఉన్నాడని చెప్పుకునేవారు. ఎల్లయ్య చెప్పేవాడు కాదు, మేం అడిగేవాళ్లం కాదు.

దుబాసీ

నిజాం పాలన పోయి యూనియన్ సైన్యం వచ్చింది. కొద్దిరోజులు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఆ సైన్యమే సంఘంవాళ్ల కోసం ఊళ్లు గాలించడం మొదలుపెట్టింది. ఆఫీసర్లకు ఇంగ్లీషు వచ్చు, హిందుస్తానీ వచ్చు. ఊళ్లవాళ్లకు తెలుగు తప్ప రాదు. పాత పోలీసులను మధ్యలో పెడితే జనం నోరు విప్పరు. నన్ను పెట్టుకోవచ్చు గదా అని హెడ్మాస్టరు గారు అన్నారట. సంఘానికి మనుషులూ పుస్తకాలూ బెజవాడ నుంచే వస్తాయి, బెజవాడవాణ్ణి పక్కన పెట్టుకోను అన్నాడట కెప్టెన్. ఇక మిగిలింది పిల్లలు.

దుబాసీ అయితే ఏమవుతుందో మరిపెడ వైపు నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. అక్కడ ఒక కాంపౌండరు కొడుకును తీసుకుపోయారు. వాడు చెప్పింది ఊరివాళ్లన్న మాటే, ఒక ముక్క కలపలేదు, తీయలేదు. అయినా పట్టుబడినవాళ్ల పేర్లు వాడి నోటి మీదుగా పోయాయి. వాడి ఇంటికి ఇప్పుడు నిప్పు ఇచ్చేవాళ్లు లేరు. పొలం బీడు పడింది. ఒక సాయంత్రం చెరువు గట్టున ఎవరో కొట్టి పడేశారు. బతికాడు, కుడిచెయ్యి పనికిరాదు. పోనని మొరాయించినవాణ్ణి సైన్యం అనుమానితుల్లో కలుపుతుంది. అంటే పోతే ఒక ప్రమాదం, పోకపోతే ఒక ప్రమాదం. ఏ ప్రమాదమూ లేనివాడు ఇంగ్లీషు రానివాడు ఒక్కడే.

మా హెడ్మాస్టరు గారు మంచివారు. ఆయన బలహీనత బడి గొప్ప. కెప్టెన్‌ను మర్యాదకు కలవబోయి, ఈ చుట్టుపక్కల మా తొమ్మిదో జమాతు మాట్లాడినంత ఇంగ్లీషు ఎక్కడా లేదని చెప్పి వచ్చారు. కెప్టెన్ సంతోషించి, వచ్చే సోమవారం వచ్చి ఇద్దరిని ఎంచుకుంటానన్నాడట.

"మంచిదే గదయ్యా, బడికి పేరొస్తది," అన్నారు నాతో.

మరిపెడ సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. తర్వాత, "ఇప్పుడు రాదంటే నన్ను అబద్ధాలకోరు అంటడు గద," అన్నారు.

"అనొచ్చండీ."

"అంటే అననీ తియ్యి," అన్నారు. పై అధికారుల్లో ఇలాంటివాళ్లు అరుదు. దొరికితే పట్టుకుని ఉండండి.

లచ్చవ్వ

మర్నాడు మధ్యాహ్నం ఎల్లయ్య తల్లి లచ్చవ్వ బడికి వచ్చింది. భుజాన గొంగడి, చేతిలో కర్ర. వరండాలో కూర్చోమంటే కూర్చోలేదు.

"నువ్వేనా ఇంగిలీసు సారువు? గింత పోరనివి ఉన్నవు."

"అవునమ్మా."

"సారూ, నాకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు ఏ చెట్టు కిందున్నడో తెల్వదు. చిన్నోన్ని గా మిల్ట్రీ దొర ఎంబడి తోలితే, వాడు రేపు ఏ ఊరికి పోయి ఎవల అన్నను పట్టియ్యాలె? వాళ్ల అన్ననేనా?"

గొంగడి సర్దుకుని, కర్ర నా వైపు చూపింది.

"వాని నోట్లె ఇంగిలీసు నువ్వే పోసినవ్. ఇప్పుడు నువ్వే తియ్యి."

"తీస్తే వచ్చేది కాదమ్మా అది."

"పోసుడు తెల్సినోనికి తీసుడు తెల్వదా? ఏం సదువు నీది!"

కర్ర నేల మీద ఒకసారి తట్టి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. భయపడవలసినవి కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, ఎల్లయ్య. రెండు, పట్వారీ కొడుకు రంగారావు. తరగతిలో రెండోవాడు, ఎల్లయ్యను ఎప్పుడూ దాటలేక మండిపోయేవాడు. పైగా తండ్రి ఇంట్లో సైన్యానికి విందులు. మూడు, పిల్లలందరి చేతులు. నోరు మూసుకోమని చెప్పవచ్చు, మూసుకుంటారు. కానీ నా పద్ధతి నోటికి సంబంధించింది కాదు. కెప్టెన్ కిటికీ తెరవమంటే ఎవడో ఒకడు లేచి తెరుస్తాడు. నాలుగో అంకె వేసి, నా పేరు రాసి, కొట్టేశాను.

మౌల్వీ సాబ్ పాఠం

తెల్లవారి మౌల్వీ సాబ్ దగ్గరికి పోయాను. ఆయనకు అరవై దాటాయి. ప్రభుత్వం మారాక ఉర్దూ ఉంటుందో పోతుందో, తన నౌకరీ ఏమవుతుందో తెలియక ఆయన కూడా నిద్ర పోవడం లేదు. సంగతంతా విని గడ్డం దువ్వుకున్నాడు.

"మాస్టర్ సాబ్, మీరు నా సదువును చూసి నవ్వేటోళ్లు."

"లేదండీ."

"నవ్వేటోళ్లు. పర్వా లేదు. నా తాన ఫార్సీ సదివినోళ్లు పద్యాలు గడగడ చెప్తరు. మతలబు అడిగితే నా మొహం చూస్తరు. ఏండ్ల సంది నాకు గదే పరేషాని. గదే ఇయ్యాల మీకు పనికొచ్చింది సూడుండ్రి!" అని పగలబడి నవ్వాడు.

ఆయన చెప్పిన మార్గం ఇది. ఇంగ్లీషు మాట ఏది చెవిన పడినా కళ్లు బెత్తం కొసకు పోవాలి, మాట్లాడినవాడి వైపు కాదు. బెత్తం పడగానే అందరూ ఊగుతూ ఇంగ్లీషు వాచకంలోని ఆవు పాఠం అందుకోవాలి. ఏమడిగినా అదే.

"ఊగుడెందుకండీ?"

"అదే అసలు పని. కదలకుండ కూసున్నోడు ఉలిక్కిపడితే కనపడ్తది. ఊగేటోడు ఉలిక్కిపడితే ఎవనికి ఎరుక?"

రోజూ బడి అయ్యాక తలుపులు మూసి సాధన చేయించాం. కెప్టెన్ వేషం నాది. బెత్తం మౌల్వీ సాబ్‌ది. రెండేళ్లు నేను పోగొట్టిన ఊపు పిల్లల ఒళ్లలోకి ఒక పూటలో తిరిగి వచ్చింది. అది చూస్తే నాకు ఏడుపొచ్చింది. కానీ నేను గొంతు మార్చకుండా, ఎవరి చొక్కా గుండీయో ఊడింది అంటే, ముగ్గురి చేతులు గుండీలకు పోయేవి. ఆ ముగ్గురిలో ప్రతిసారీ ఎల్లయ్య ఉండేవాడు.

"అరే బేటా, మళ్ల విన్నవా?"

"వినపడ్తుంది గద మౌల్వీ సాబ్! చెవులకు మూతలుంటయా?"

"విను. లోపటికి రానియ్యకు."

"వచ్చినంక తెలుస్తది వచ్చిందని."

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. ఆదివారం సాయంత్రం చివరి సాధనలో కూడా వాడి చెయ్యి గుండీ దాకా పోయి ఆగింది. ఆగింది నిజమే, కానీ పోయింది.

రంగారావు ఒంటరిగా దొరికితే అడిగాను, రేపేం చేస్తావని. వాడు అటూ ఇటూ చూసి, "సారూ, నాకు సుత కుడిచెయ్యి కావాలె. మా నాయినకు మాత్రం చెప్పకుండ్రి," అన్నాడు. నా కాగితంలో రెండో అంకె కొట్టేశాను. ఒకటో అంకె, మూడో అంకె ఉన్నాయి.

సోమవారం

కెప్టెన్ మర్యాదస్తుడు. గొంతు పెంచేవాడు కాదు. మౌల్వీ సాబ్ బెత్తం నా చేతికిచ్చాడు. ఇంగ్లీషు పంతులు చేతిలోనే ఉండాలన్నాడు.

కెప్టెన్ ముందు బెంచీ పిల్లవాణ్ణి ఇంగ్లీషులో పేరు అడిగాడు. బెత్తం పడింది. పందొమ్మిది మందీ ఊగారు. "ది కౌ ఈజ్ ఎ డొమెస్టిక్ యానిమల్. ది కౌ హాజ్ ఫోర్ లెగ్స్." రంగారావును వాళ్ల ఊరేదని అడిగాడు. వాడు అందరికంటే గట్టిగా, ఆవుకు నాలుగు కాళ్లన్నాడు. కెప్టెన్ హెడ్మాస్టరు గారి వైపు చూసి నవ్వాడు. ఆయన షేర్వాణీ గుండీలను చూసుకుంటూ నిలబడ్డారు.

కెప్టెన్ రెండడుగులు వేసి, వాతావరణం గురించి చెబుతున్నట్టు, మధ్య వరుస బెంచీ కింద తేలు ఉందని ఇంగ్లీషులో అన్నాడు.

పందొమ్మిది జతల కళ్లు బెత్తం కొస మీదే ఉన్నాయి. ఒక్క కాలు పైకి లేవలేదు. బెంచీ కిందికి చూసింది నేనొక్కణ్ణే.

"మీకు మాత్రం ఇంగ్లీషు బాగానే వచ్చు," అన్నాడు నాతో.

ఇంక అయిపోయిందనుకున్నాను. అతను టోపీ తీసి కిటికీ గట్టున పెట్టి, బయటికి చూస్తూ, మెల్లగా, ఇంగ్లీషులోనే చెప్పాడు. నిన్న భూపాలపల్లి అడవిలో ఒకణ్ణి పట్టుకున్నాం. గొర్లు కాసే ఇంటివాడు. కడుపులో గుండు దిగింది. రాత్రి దాటడు. తమ్ముడు ఇటువైపే ఏదో బళ్లో చదువుతున్నాడని, చూడాలని అడుగుతున్నాడు. ఆ తమ్ముడు ఇక్కడుంటే లేవమనండి. జీపు బయటే ఉంది. తీసుకుపోయి చూపిస్తాను.

అని, చటుక్కున పిల్లల వైపు తిరిగాడు.

బెత్తం వేయవలసింది నేను. నా చెయ్యి కదలలేదు. వేస్తే ఆ పిల్లవాడు తన అన్న చావు మీద ఆవు పాఠం చదవాలి. వేయకపోతే గది కదలకుండా కూర్చుని ఉంటుంది, కదలని గదిలో ఒక మొహం కనపడుతుంది. మౌల్వీ సాబ్ దగ్గాడు.

వేశాను.

ఊగారు. పాఠం మొదటి నుంచి అందుకున్నారు. పందొమ్మిది గొంతుల్లో ఒక్కో గొంతు నాకు విడిగా తెలుసు. ఎల్లయ్య గొంతు కోసం వెతికాను. ఉంది. "ది కౌ గివ్స్ అజ్ మిల్క్" దగ్గర కూడా ఉంది. వాడి మొహం చూడబోయాను. ముందుకు, వెనక్కు, ముందుకు. ఊగేవాడి మొహంలో ఏమీ కనపడదన్న మౌల్వీ సాబ్ మాట నిజం. నాకు కూడా ఏమీ కనపడలేదు.

కెప్టెన్ పాఠం చివరిదాకా విన్నాడు. టోపీ పెట్టుకున్నాడు. ఒక కాగితం మీద హాజరు ఎంతో, ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఎంతో నా చేత రాయించి సంతకం పెట్టించుకున్నాడు. వరండాలో అడిగాడు.

"రెండేళ్ల నుంచి ఇక్కడున్నారట. ఏం నేర్పారు?"

"ఆవు," అన్నాను.

నవ్వి జీపెక్కాడు. ఎక్కాక అన్నాడు: "ఆ గొర్లకాపరి కథ ప్రతి బళ్లోనూ చెబుతాను. మొన్న ఒకచోట ఒకడు లేచాడు."

ఆ తర్వాత

జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, బడి వెనక్కి పరుగెత్తాను. ఎల్లయ్య తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. కడిగి, మళ్లీ కడుగుతున్నాడు.

"ఎల్లయ్యా, అదంతా అబద్ధం. మీ అన్న కాదు. ప్రతి బళ్లోనూ అదే చెబుతాడట. ఇప్పుడు నాతో తనే అన్నాడు."

"ఏం చెప్పిండు సారూ?"

"అడవిలో పట్టుకున్నామని అన్నాడే, అది."

"దొర ఇంగ్లీషుల మాట్లాడిండు గద సారూ. నాకు ఇంగ్లీషు రాదు."

చుట్టూ ఎవరూ లేరు. వాడి భుజం మీద చెయ్యి వేసి, నా వైపు చూడు అని ఇంగ్లీషులో మెల్లగా అన్నాను. వాడు నా వైపు చూడలేదు. నా రెండో చేతిలో ఇంకా ఉన్న బెత్తం కొసను చూశాడు. అది పడేదాకా అలాగే చూస్తూ ఉంటాడని అర్థమై, దాన్ని తొట్టి వెనక్కి విసిరేశాను.

లచ్చవ్వ ఆ వారమే వచ్చి, గిన్నెడు గొర్రెపాలు నా గది ముందు పెట్టి, ఏమీ అనకుండా పోయింది. ఎల్లయ్య ఏడాది చివరిదాకా బడికి వచ్చాడు. మిగతా చదువులన్నీ బాగా చదివాడు. సాయిలు సంగతి నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత నేను నా పద్ధతికి తిరిగి రాబోయాను. ఒక మధ్యాహ్నం ఉక్కపోతగా ఉంటే, గొంతు మార్చకుండా, కిటికీ తెరవమని ఇంగ్లీషులో అన్నాను. ఎవరూ లేవలేదు. కళ్లన్నీ నా ఖాళీ చేతి మీదికి వచ్చి ఆగాయి. నేనే లేచి తెరుచుకున్నాను.

కాబట్టి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది, అర్థం చెప్పి నేర్పండి, వల్లె వేయించకండి అనే. దానితో పాటు, మీరు నేర్పే ప్రతి మాటనూ ఆ పిల్లవాడు ఎవరి ముందు వాడవలసి వస్తుందో కూడా ఆలోచించండి. నేను ఆలోచించలేదు. నా చదువులో యంత్రం ఎలా తిరుగుతుందో చెప్పారు. దాన్ని ఎవరు తిప్పుతారో చెప్పలేదు.

బెజవాడ పెద్దలకు ఏటా ఒక నివేదిక పంపాలి. ఏ జమాతులో ఎందరు, అందులో ఇంగ్లీషు వచ్చినవారు ఎందరు అని రెండు గడులుంటాయి. ఆ ఏడు తొమ్మిదో జమాతు ఎదుట, కెప్టెన్‌కు రాసిచ్చిన అంకెలే వేశాను.

పందొమ్మిది. సున్నా.